ఎఫ్ఎం రేడియోలో సొంత వార్తలు ఎందుకు ఉండవు?

పత్రికలు, టీవీ ఛానెళ్లు రాత్రింబవళ్లు వార్తలు అందిస్తుండగా, ప్రైవేటు ఎఫ్ఎంలకు, కళాశాలలో స్వచ్ఛంద సంస్థలో స్థానికంగా నడిపే చిన్న కమ్యూనిటీ రేడియోలకు మాత్రం సొంత వార్తలు చెప్పే అనుమతి ఎందుకు లేదని మీరు అడిగారు. తెలంగాణలో ఒక కళాశాల నడిపే కమ్యూనిటీ రేడియోలో కొంతకాలం కార్యక్రమాలు రూపొందించినవాడిగా నేను చెప్పగలిగింది ఇది: ఒక మాధ్యమం నడవడానికి ప్రభుత్వ అనుమతి ఎంత అవసరమో, దానిపై ప్రభుత్వ పట్టు అంత బిగువుగా ఉంటుంది.

పత్రికల విషయంలో ఆ పట్టు కాగితం ద్వారా వచ్చింది. దిగుమతి కాగితం కొరతను కారణంగా చూపి, 1972-73 న్యూస్‌ప్రింట్ విధానంలో దినపత్రికలకు పది పేజీల పరిమితి పెట్టారు. టైమ్స్ ఆఫ్ ఇండియా ప్రచురణ సంస్థ వేసిన బెనెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. టీవీ విషయంలో 1990ల మొదట్లో ఉపగ్రహ ఛానెళ్లు ఇళ్లలోకి వచ్చేశాక, 1995లో గానీ కేబుల్ టీవీని నియంత్రించే చట్టం రాలేదు, అంటే అక్కడ పట్టు ఆలస్యంగా పడింది. రేడియోకు మాత్రం నేల మీద ట్రాన్స్‌మిటర్, గాలిలో తరంగం రెండూ కావాలి, 1885 టెలిగ్రాఫ్ చట్టం నాటి నుంచీ రెండింటికీ లైసెన్సు తప్పనిసరి. 1995లో, క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారంపై నడిచిన క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, ప్రసారాలపై ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత కూడదో ప్రైవేటు గుత్తాధిపత్యమూ అంతే కూడదని స్పష్టంగా రాశారు. ఆ తర్వాత ప్రైవేటు ఎఫ్ఎంకు, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థల కమ్యూనిటీ రేడియోలకు తలుపులు తెరుచుకున్నాయి. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో అలాగే మొదలైంది. వార్తల తలుపు మాత్రం మూసే ఉంచారు.

ప్రభుత్వం చెప్పే కారణాలు భద్రత, పర్యవేక్షణ. చదువు రానివారికి కూడా చేరే, చవకగా నడిచే మాధ్యమంలో ఒక్క వదంతి పుట్టినా గొడవలు రేగవచ్చన్నది వారి వాదన. అందులో నిజం లేదని నేను అనను. అయితే మా రేడియో కేంద్రం శక్తి నూరు వాట్లు, పరిధి పదీ పదిహేను కిలోమీటర్లు, ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు భద్రపరచాలన్న నిబంధనకు లోబడే నడిచేది. ఇంత చిన్న కేంద్రాన్ని పర్యవేక్షించడం దేశమంతటా కనిపించే వార్తా ఛానెల్‌ను పర్యవేక్షించడం కన్నా కష్టమని ఎలా ఒప్పుకోగలం?

నిబంధనలు వాతావరణం, రాకపోకలు, పరీక్షలు, ఉద్యోగావకాశాలు, నీరు, కరెంటు వంటి సమాచారాన్ని వార్తగా లెక్కించవు. ప్రకృతి వైపరీత్యాల గురించి మాత్రం స్థానిక యంత్రాంగం ఇచ్చిన సమాచారమే చెప్పాలి. ఒక వానాకాలం వాగు పొంగి రోడ్డు మీదికి నీళ్లొస్తున్నాయని శ్రోతలు వరుసగా ఫోన్ చేస్తుంటే, అధికారుల నుంచి మాట వచ్చేదాకా మేము పాటలు వేస్తూ ఆగాల్సి వచ్చింది. మొలకెత్తని విత్తనాల గురించి రైతులు చెప్పుకున్నప్పుడు మంచి విత్తనాన్ని గుర్తించే పద్ధతి వివరించగలిగాం గానీ, ఏ ఊళ్లో ఎంతమంది నష్టపోయారో చెప్పలేకపోయాం. వినేవారికి అన్నిటికన్నా అవసరమైన సంగతి ఎప్పుడూ నిబంధనకు అవతలే మిగిలిపోయేది.

2011 విధానం ప్రకారం ప్రైవేటు ఎఫ్ఎంలు ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా తిరిగి ప్రసారం చేయవచ్చు, అంటే వార్తకు మూలం ప్రభుత్వ సంస్థగానే ఉంటుంది. 2023లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రైవేటు ఎఫ్ఎంలకు గంటకు పది నిమిషాల వరకు సొంత వార్తలు అనుమతించాలని సిఫార్సు చేసింది. దాన్ని అమలు చేస్తూ, ఏవి ప్రసారం చేయకూడదో చెప్పే, టీవీకి వర్తించే కార్యక్రమ నియమావళినే షరతుగా పెట్టి, కమ్యూనిటీ రేడియోలకు కూడా అదే అనుమతి ఇవ్వాలని నా అభిప్రాయం. వార్త నగరంలో ఉన్నవారికి పది దారుల్లో చేరుతుంది, మారుమూల ఊరి వార్త ఆ ఊరికి చేరడానికి చాలాచోట్ల ఆ చిన్న కేంద్రం తప్ప మరో దారి లేదు.