రెండు పనులకు రెండు డ్రైవులు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యేలోగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ కొనాలనీ, అది అమలాపురం స్టూడియోలోని నీ మ్యాక్‌కు బ్యాకప్‌గా ఉంటూనే, భీమవరంలో విండోస్ మీద ఆల్బమ్ చేసే డిజైనరుకు ఫైళ్ళు పంపడానికి కూడా పనికిరావాలనీ రాశావు. ఏ కంపెనీది కొనమంటారని అడిగావు. కంపెనీ సంగతి చివరికి తేలినా నష్టం లేదు; ఆ రెండు పనులనూ ఒకే డ్రైవుకు అప్పగించవచ్చునా అన్నది ముందు తేలాలి. అప్పగించవద్దని నా మాట.

ఊళ్ళు తిరిగే డ్రైవు బస్సు సీటు మీద నుంచి పడుతుంది, ఎవరెవరి కంప్యూటర్లకో తగులుకుంటుంది, వైరస్ అంటించుకుంటుంది, ఎవరో తొందరలో ఫార్మాట్ కొట్టేస్తారు. అటువంటి దానిలో ఉన్నదాన్ని ప్రయాణంలో ఉన్న సరుకుగానే లెక్కవేయాలి. ఇంకొక అలవాటు మన వృత్తిలో బాగా పాతుకుపోయింది: మ్యాక్‌లో చోటు చాలక ఫుటేజీని డ్రైవులోకి మార్చి, మ్యాక్‌లో చెరిపేసి, ఆ డ్రైవును బ్యాకప్ అనడం. ఒక్క ప్రతే ఉన్నప్పుడు అది ఎక్కడున్నా అసలే తప్ప బ్యాకప్ కాదు. అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం నువ్వూ వినే ఉంటావు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే చోట. మన స్టూడియోలకు అంతకన్న సులువైన లెక్క లేదు.

ఇక మ్యాక్‌కూ విండోస్‌కూ పొత్తు కుదరని చోటు ఫార్మాట్, అంటే డ్రైవులో ఫైళ్ళను అమర్చుకునే పద్ధతి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను మ్యాక్ చదువుతుంది కానీ, వేరే సాఫ్ట్‌వేర్ వేస్తే తప్ప అందులో రాయదు. మ్యాక్ వాడే ఏపీఎఫ్‌ఎస్‌ను విండోస్ తనంతట తాను చదవనే చదవదు. పైగా ఆ డ్రైవు పెట్టగానే ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది, చూసుకోకుండా సరేనన్నవాడి గతి చెప్పనక్కరలేదు. పాత ఫ్యాట్32 రెండింటికీ నచ్చుతుంది కానీ, అందులో ఒక్కొక్క ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు కనుక వీడియోవాళ్ళకు దానితో పని జరగదు. మిగిలింది 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్; దాన్ని రెండూ చదువుతాయి, రెండూ రాస్తాయి. ప్రయాణం చేసే డ్రైవును దానిలోనే ఫార్మాట్ చెయ్యి. మ్యాక్ మీద చేస్తే డిస్క్ యుటిలిటీలో స్కీమ్ దగ్గర జీయూఐడీ పార్టిషన్ మ్యాప్ ఎంచుకుని, ఆ తరువాత రెండు కంప్యూటర్లలోనూ ఒక్కొక్క ఫైలు రాసి చూసుకో.

ఎక్స్‌ఫ్యాట్‌కు ఒక బలహీనత ఉంది. జరుగుతున్న మార్పులను ముందుగా చిట్టాలో రాసుకునే జర్నలింగ్ అనే ఏర్పాటు దానికి లేదు కాబట్టి, కాపీ మధ్యలో కేబుల్ లాగినా, కరెంటు పోయినా ఫోల్డర్లు చెడిపోయే ప్రమాదం ఎక్కువ. మ్యాక్‌లో ఎజెక్ట్, విండోస్‌లో సేఫ్లీ రిమూవ్ చేయనిదే కేబుల్ ముట్టుకోవద్దని మీ కుర్రాళ్ళకు గట్టిగా చెప్పు. బ్యాకప్ డ్రైవును మాత్రం మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ ప్రోగ్రాము టైమ్ మెషీన్‌కు పూర్తిగా వదిలెయ్యి. కొత్త మ్యాక్‌లలో అది డ్రైవును తానే ఏపీఎఫ్‌ఎస్‌లోకి మార్చుకుంటుంది, అప్పటికి అందులో ఉన్నదంతా చెరిపేస్తుంది. కనుక ఖాళీ డ్రైవే ఇవ్వాలి.

నీ డిజైనరు ఏదో ఒక రోజు ఫోన్ చేసి, జిలకర్ర బెల్లం ఫోటోలు సగం తెరుచుకోవడం లేదంటాడు. కంగారు పడకు. ఎక్స్‌ఫ్యాట్ డ్రైవులో మ్యాక్ చాలా ఫోటోల పక్కన అదే పేరుతో, ముందు చుక్కా అడ్డగీతా పెట్టి, నాలుగైదు కేబీల చిన్న ఫైలు ఒకటి సృష్టిస్తుంది. విండోస్‌లో అవి కూడా ఫోటోల్లాగే కనబడతాయి. వాటిని వదిలేయమని చెబితే చాలు. ఫోల్డరు పేర్లలో తేదీల మధ్య ఏటవాలు గీతలూ, ప్రశ్నార్థకాలూ పెట్టకు. మ్యాక్ ఒప్పుకున్నా విండోస్ ఒప్పుకోదు. ఆల్బమ్ మీద వధూవరుల పేర్లకు ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు వాడితే ఆ ఫాంట్లను కూడా బ్యాకప్‌లో చేర్చు, లేకపోతే రేపు ఆ పేర్లు అర్థంలేని అక్షరాలుగా తెరుచుకుంటాయి.

ప్రయాణానికి ఎస్ఎస్‌డీ, అంటే చిప్పుల్లో దాచుకునే డ్రైవు, కొను. దానిలో తిరిగే పళ్ళెం లేదు కనుక కిందపడినా తట్టుకుంటుంది. దాచిపెట్టే ప్రతికి తిరిగే హార్డ్ డిస్కే మేలు: అదే డబ్బుకు రెండు మూడింతల చోటు వస్తుంది, పైగా ఎస్ఎస్‌డీని ఏళ్ళ తరబడి కరెంటు ఇవ్వకుండా బీరువాలో పడేస్తే అందులోని ఛార్జి జారిపోయి డేటా పోవచ్చు. హార్డ్ డిస్కుల్లో కూడా 2.5 అంగుళాలది తీసుకో, 3.5 అంగుళాలది అడాప్టరు మీద నడుస్తుంది, వేసవిలో మన దగ్గర కరెంటు సంగతి నీకు తెలియనిది కాదు. చిన్న డిస్కుల్లో చాలావాటిలో ట్రాకులను ఒకదాని మీద ఒకటి కప్పుతూ, తాటాకు కప్పులో వరసల మాదిరి, రాసే పద్ధతి ఉంటుంది. పెద్ద కాపీ కొంత సాగాక వేగం పడిపోతే డిస్కు పాడైందనుకోకు.

సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో గంటకు దాదాపు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు మూడు నాలుగు గంటలు నడిస్తే ఒక పెళ్ళికి 300 జీబీ. అంత ఫుటేజీ యూఎస్‌బీ 2.0 మీద రెండు గంటలు దాటి పడుతుంది, 3.0 మీద హార్డ్ డిస్కుకు ముప్పావు గంట చాలు. డ్రైవుతో వచ్చిన కేబుల్ పోగొట్టి, చాలావరకు 2.0 వేగమే ఉండే ఫోన్ ఛార్జింగు కేబుల్ పెట్టేవాళ్ళు ఈ తేడా గమనించరు. 2 టీబీ డ్రైవు మ్యాక్‌లో రెండుగానూ, విండోస్‌లో 1.81గానూ కనబడటం లెక్కకట్టే పద్ధతిలోని తేడాయే, షాపువాడు మోసం చేయలేదు. వెయ్యి రూపాయలకు 16 టీబీ అని అమ్మేవి మాత్రం అసలైన మోసం. లోపల చిన్న చిప్పు పెట్టి పెద్ద అంకె చూపిస్తారు. కొన్న వెంటనే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములతో డ్రైవు నిండా రాయించి చదివించు. వారంటీ డ్రైవుకే కానీ అందులోని పెళ్ళికి కాదు, కాబట్టి దాన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టకు.

మూడో ప్రతి విషయంలో మన ప్రాంతం గుర్తుపెట్టుకోవాలి. 1986 ఆగస్టు వరదా, 1996 నవంబరు తుపానూ ఒక ఇంటిని ముంచి పక్కింటిని వదల్లేదు. స్టూడియోలో ఒకటి, అదే వీధిలో మీ ఇంట్లో ఒకటి పెడితే రెండు ప్రతులున్నట్టు కాదు. మూడో ప్రతి ఉన్న డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా చేసి, హైదరాబాదులో మీ చెల్లి దగ్గర ఉంచు. శ్రావణ మాసపు ముహూర్తాలూ గోదావరి వరదా ఒకే కాలంలో వస్తాయి కాబట్టి, ఆషాఢంలోనే అప్పటిదాకా తీసినవన్నీ చేర్చి పంపెయ్యి. పరాయి ఆడపిల్లల ఫోటోలు కనుక ఎన్‌క్రిప్షన్ తప్పదు, కానీ పాస్‌వర్డ్ పోతే ఎవరూ తెరవలేరు. దాన్ని పుస్తకంలో రాసి మీ అమ్మ దగ్గర ఉంచు. ఇంట్లో ఉండే డిస్కును సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో పెట్టు, ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలా.

ఇవన్నీ అమర్చుకున్నాక, ముహూర్తాలు లేని రోజు చూసుకుని, ఏదో ఒక పెళ్ళి ఫోల్డరును బ్యాకప్ నుంచి వేరే కంప్యూటరులోకి తిరిగి తెచ్చి, వీడియోలను మధ్యలోనూ చివరలోనూ ఆడించి చూడు. అలా రెండు ప్రతులు సరిగా ఉన్నాయని తేలేదాకా కెమెరా కార్డులను ఫార్మాట్ చేయవద్దు. అందుకోసం అదనంగా రెండు కార్డులు కొనవలసి వస్తే కొను.

మీ అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య