టికెట్ మీది తేదీ అమ్మానాన్నలకు చెప్పొద్దు, ఇల్లు కదిలే టైమ్ చెప్పండి

ఈ మధ్యే కాలిఫోర్నియాకు వచ్చిన మా అనంతపురం తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, మా అమ్మానాన్నలు బెంగళూరులో తెల్లవారుజామున నాలుక్కు ఎక్కితే దుబాయ్‌లో మారి అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారంట, తొమ్మిది గంటలేనా?" కాదు తమ్ముడూ, చలికాలంలో ఇక్కడి గడియారం మనకంటే 13 గంటల 30 నిమిషాలు వెనక, ఎండాకాలంలో 12 గంటల 30 నిమిషాలు, కాబట్టి చలికాలంలో ఆ తొమ్మిదికి పదమూడున్నర కలుపు, ఇరవై రెండున్నర గంటలు. అందులో దుబాయ్ దాకా నాలుగు, అక్కడి నుంచి ఇక్కడికి దాదాపు పదహారు, మిగతాది ఎయిర్‌పోర్టులో కూర్చోవడమే.

దూరం కూడా అడిగాడు. నేరుగా అయితే 14,000 కిలోమీటర్లు, దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది (2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదటిసారి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు అలాగే వెళ్ళింది). దుబాయ్ మీదుగా అయితే ఇంకో 1,700 దాకా ఎక్కువ.

కానీ నన్నడిగితే అసలు లెక్క ఇంటి గడప నుంచి వేయాలి. ఎయిర్‌పోర్టు ఉండే దేవనహళ్ళి మనకు ఇవతలే, బెంగళూరు ఊళ్ళోకి పోనక్కర్లేదు, అయినా పెనుకొండ, బాగేపల్లి దాటి చేరేసరికి మూడు గంటలు, విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. అంటే 12వ తేదీ తెల్లవారుజాము విమానానికి 11వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే ఇల్లు కదలాలి. ఇక్కడ దిగాక ఇమిగ్రేషన్, లగేజీ, మీ ఇంటికి కారు, మొత్తం ముప్పై గంటలు దాటుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నేను మొదటిసారి టికెట్ తీసినప్పుడు మా అమ్మానాన్నలకు "12వ తేదీ, నాలుగు గంటలకు" అని మాత్రమే చెప్పాను. వాళ్ళు 12న రాత్రి భోంచేసి, దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరారు. విమానం ఆ పొద్దున్నే వెళ్ళిపోయిందని కౌంటర్ దగ్గర చెప్పారంట. మా అమ్మ చెనిక్కాయ ఉండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా అక్కడే కుర్చీలో కూర్చుంది. ఆ మాట నాన్న ఫోన్‌లో చెప్తుంటే నాకు నోట మాట రాలేదు.

అందుకని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి పంపండి: ఏ రోజు రాత్రి, ఎన్నింటికి ఇంట్లోంచి కారెక్కాలి, దుబాయ్‌లో ఎంతసేపు ఆగాలి, అన్నీ. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి, విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదానికి ఎవరూ పూచీ పడరు. పెద్దవాళ్ళకైతే మధ్యలో మూడు గంటలకు తక్కువ వద్దు, వీల్‌చెయిర్ ముందే అడిగి పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు. ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం ఎక్కినవాళ్ళు బెంగళూరులో దిగేది ఆదివారం తెల్లవారుజామున. కారు తెచ్చే మామకో బాబాయికో "శనివారం రాత్రి పదకొండున్నరకు అనంతపురంలో బయల్దేరు" అని చెప్పండి, చాలు.