సర్వర్‌లోనే కోడ్ దిద్దుతున్నారా? ముందు ఒక్క కమిట్ కొట్టండి

ప్రశ్న: ఇద్దరం కలిసి గాజువాకలో చిన్న ఆఫీసు నడుపుతున్నామండీ. అరకు, లంబసింగి టూర్లు బుక్ చేసే ఒక ట్రావెల్స్ వాళ్ల పీహెచ్‌పీ సైట్ మా చేతిలో ఉంది. ఏ మార్పు కావాలన్నా సర్వర్‌లోకి లాగిన్ అయి నేరుగా ఫైలే దిద్దేస్తాం. మొన్న పొద్దుపోయేదాకా కూర్చుని రేట్ల పేజీ సరిచేస్తే, మావాడు తన దగ్గరున్న పాత కాపీ దానిమీద ఎక్కించేశాడు. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్ అనే టూల్ పెట్టుకోమంటున్నారు అందరూ. నడుస్తున్న సైట్ ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆగదండీ. సైట్ ఫోల్డర్‌లో గిట్ ఇనిట్ అనే కమాండ్ కొడితే డాట్ గిట్ అనే దాగిన ఫోల్డర్ ఒకటి పుడుతుంది, అంతే, మీ ఫైళ్ల జోలికి అది రాదు. అయితే ఫైళ్లని గిట్‌కి అప్పగించే యాడ్ కమాండ్ కొట్టకముందే, వేటిని పట్టించుకోకూడదో చెప్పే గిట్ ఇగ్నోర్ ఫైల్ రాయండి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్, అప్‌లోడ్స్, లాగ్‌లు అందులో పడాలి, ఎందుకంటే పాస్‌వర్డ్ ఒకసారి కమిట్‌లోకి, అంటే గిట్ భద్రపరిచే నకలులోకి, వెళ్తే తర్వాత ఫైల్ తీసేసినా హిస్టరీలో అలాగే కూర్చుంటుంది. ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు కమిట్ చేయండి. కోడ్ శుభ్రం చేశాక చేద్దాంలే అని మాత్రం ఆగకండి.

ఇక్కడితో హిస్టరీ వచ్చింది కానీ మీ ఇద్దరి గొడవ తీరలేదు. దానికి సర్వర్‌లోనే, వెబ్ ఫోల్డర్‌కి బయట, మీ హోమ్ ఫోల్డర్‌లో ఆ రిపోకి (గిట్ పెట్టిన ఫోల్డర్‌కి) ఒక బేర్ క్లోన్, అంటే ఒక రకం నకలు, తీయండి. బేర్ అంటే ఫైళ్లు పరిచి ఉండవు, హిస్టరీ మాత్రమే ఉంటుంది. మామూలు రిపోలో తెరిచి ఉన్న బ్రాంచ్‌కి (మార్పుల వరుసకి) పుష్ చేస్తే, అంటే మీ కమిట్‌లు పంపిస్తే, గిట్ ఒప్పుకోదు, అందుకే ఈ ఏర్పాటు. ఇద్దరూ దాన్ని మీ మీ ల్యాప్‌టాప్‌ల్లోకి క్లోన్ చేసుకుని అక్కడే దిద్దండి. మొన్నటిలా మీరు రేట్ల పేజీ మార్చి పుష్ చేశాక, ఆయన పాత కాపీమీద పనిచేసి పుష్ కొట్టారనుకోండి, గిట్ రిజెక్ట్ చేసి ముందు పుల్ చేసుకోమంటుంది, అంటే మీ కొత్త మార్పులు తెచ్చుకోమంటుంది. ఇద్దరూ ఒకే లైన్ మార్చి ఉంటే కాన్‌ఫ్లిక్ట్ చూపిస్తుంది, పక్కపక్కన కూర్చుని తేల్చుకోవచ్చు. బలవంతంగా ఎక్కించేసే పుష్ ఫోర్స్ మాత్రం ఇద్దరూ వాడకండి, అది వాడితే మళ్లీ మొన్నటి కథే.

పుష్ చేసింది సైట్‌లోకి రావడానికి బేర్ రిపోలోని హుక్స్ ఫోల్డర్‌లో పుష్ రాగానే దానంతటదే నడిచే పోస్ట్ రిసీవ్ అనే చిన్న స్క్రిప్ట్ పెట్టాలి. వర్క్ ట్రీగా (ఫైళ్లు పరిచే చోటుగా) వెబ్ ఫోల్డర్‌ని చూపించి, ఫైళ్లని అక్కడ పరిచే చెక్అవుట్ హైఫన్ ఎఫ్ కమాండ్ కొట్టే ఒక్క లైన్ చాలు. దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం చాలామంది మర్చిపోతారు, పుష్ అయినా సైట్ మారలేదేంటని గంటలు వెతుక్కుంటారు. ఇంకో మాట, ఆ హైఫన్ ఎఫ్ సర్వర్‌లో ఎవరైనా చేత్తో చేసిన మార్పుని అడగకుండా చెరిపేస్తుంది. కాబట్టి అర్ధరాత్రి అర్జెంటుగా సర్వర్‌లోనే దిద్దాల్సి వచ్చినా, అదే మార్పు ల్యాప్‌టాప్‌లో కూడా చేసి పుష్ చేశాకే పడుకోండి.

ఇదంతా కుదిరాక వెబ్ ఫోల్డర్‌లోని డాట్ గిట్‌ని తీసేయండి. అక్కడే వదిలేస్తే, సర్వర్‌లో అడ్డుకట్ట లేనప్పుడు, బ్రౌజర్ నుంచే మీ కోడ్ మొత్తం లాగేయొచ్చు.

2005లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ని రాసింది లినక్స్ కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) కోసం. ప్రతి క్లోన్‌లోనూ పూర్తి హిస్టరీ ఉంటుంది, కమిట్‌కి నెట్ కూడా అక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను చూసిన మన ఊరివాళ్లకి దాని విలువ విడిగా చెప్పక్కర్లేదు. కానీ కస్టమర్ల బుకింగ్‌లు ఉండేది డేటాబేస్‌లో, వాటిని గిట్ భద్రపరచదు. రోజూ రాత్రి డేటాబేస్ డంప్ (నకలు) తీసి వేరే మెషీన్‌కి పంపే ఏర్పాటు ఈ వారంలోనే చేసుకోండి.