పాత డిటైల్‌ను కొత్త ప్రాజెక్టులోకి తెచ్చే ముందు

చిట్టితల్లీ,

మీ ఆఫీసులో పాత ప్రాజెక్టుల డిటైల్ డ్రాయింగులన్నీ, అంటే భవనంలో ఒక్కో చిన్న భాగాన్ని పెద్దది చేసి చూపే బొమ్మలన్నీ, ఒకచోట చేర్చి, ఇకపై ప్రతి భవనానికీ వాడుకునేలా లైబ్రరీ తయారుచేసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో! అంతమందిలో నిన్ను ఎంచుకున్నారంటే నీ పనితనం మీద వాళ్లకు గురి కుదిరిందన్నమాట. కానీ ఈ నెలాఖరుకల్లా ముగించేస్తానని మాటిచ్చావట. అది వినగానే నా గుండె గుభేలుమంది. ఫోనులో చెబితే ‘సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువు.

భవనాన్ని కంప్యూటర్లో మోడల్‌గా కట్టే ఆ రెవిట్‌లో ఏ బటన్ ఎక్కడుందో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఇన్సర్ట్ ట్యాబ్ నుంచి వేరే ఫైలులోని డ్రాఫ్టింగ్ వ్యూలు (మోడల్ నుంచి కాక విడిగా గీసిన బొమ్మలు), షెడ్యూళ్లు (లెక్కల పట్టికలు), షీట్లు తెచ్చుకోవచ్చు. లెజెండ్లు (గుర్తుల అర్థం చెప్పే పట్టికలు) ఆ దారిన రావు, కాపీ చేసి అతికించుకోవాలి. షెడ్యూలు వచ్చినా దాని అమరిక మాత్రమే వస్తుంది, లెక్కలు కొత్త మోడల్‌వే ఉంటాయి. ఒకసారి కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కాబట్టి వెర్షన్ మార్చే ప్రతిసారీ పాత నకలు దాచిపెట్టు.

మోడల్‌ను కోసి, ఒక భాగాన్ని పెద్దది చేసి తీసిన కాల్అవుట్ల సంగతి వేరు. అందులో కనిపించే గోడ, స్లాబు ఆ భవనానివి, అవి నీ వెంట రావు. పనికొచ్చే కాల్అవుట్ ఉంటే దాన్ని చూస్తూ డ్రాఫ్టింగ్ వ్యూలో మళ్లీ గీసుకో. విసుగ్గా ఉంటుంది, అయినా గీసుకో. మా రోజుల్లో పాత డిటైల్ మళ్లీ వాడాలంటే దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి, ఇంకు పెన్నుతో ప్రతి గీతా మళ్లీ గీయాల్సి వచ్చేది. తప్పు పడితే బ్లేడుతో గీకాలి. చిన్నప్పుడు నువ్వు నా బల్ల కింద కూర్చుని, కింద పడిన ముక్కల మీద కిటికీలు గీస్తూ ఉండేదానివి. ఆ పని నెమ్మదిగా సాగడంలో ఒక మేలుండేది. గీత దగ్గర చెయ్యి ఆగేది, ‘ఇది ఇక్కడెందుకు ఉంది?’ అని అడగడానికి తీరిక దొరికేది. ఇప్పుడు నలభై డిటైళ్లకు టిక్కులు పెట్టి ఓకే నొక్కితే ఒక్కసారిగా వచ్చిపడతాయి. నా భయమంతా అక్కడే.

ఒక భవనం కథ చెబుతాను. ఏ సంస్థదో చెప్పను. పైకప్పు మీద, పిట్టగోడ మొదట్లో నీటి నిరోధక పొరను పైకి మడిచే డిటైల్ అది. పాత ప్రాజెక్టు నుంచి డ్రాఫ్టింగ్ వ్యూగా తెచ్చారు. చక్కని డ్రాయింగు, గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయి. స్లాబు పై మట్టం నుంచి పొర 250 మిల్లీమీటర్లు పైకి లేవాలని కొలత వేసి ఉంది. పాత భవనంలో వాలు కాంక్రీటు, టైలు కలిపి గోడ దగ్గర 70 మిల్లీమీటర్లే కాబట్టి, నేల పూర్తయ్యాక కూడా పొర 180 పైకి కనిపించేది. పూర్తయిన నేల మీద కనీసం 150 ఉండాలన్న నియమానికి అది సరిపోయింది.

కొత్త భవనంలో స్లాబు మీద వేడి తగ్గించడానికి 75 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ వేశారు. నీళ్లు పోయే గొట్టాలు దూరంగా ఉన్నందువల్ల గోడ దగ్గర వాలు కాంక్రీటు 120 దాకా లేచింది. టైలు, దాని కింది సున్నంతో ఇంకో 25. లెక్క వేసి చూడు, మొత్తం 220. పొర అంచు నేల మీద 30 మిల్లీమీటర్లే మిగిలింది. డ్రాయింగులో మాత్రం 250 అని దర్జాగా ఉంది. సైటు వాళ్లు కూడా టేపు పట్టి సరిగ్గా 250 కొలిచి కట్టారు. మోడల్‌లోని సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసి చూపే బొమ్మ) గుర్తును ఆ డ్రాఫ్టింగ్ వ్యూకు రిఫరెన్స్ ఇచ్చారు. షీట్ నంబరు దానంతట అదే పడింది, చూసేవాళ్లకు అన్నీ కలిసినట్టే కనిపించింది. కానీ డ్రాఫ్టింగ్ వ్యూకు మోడల్‌తో బంధం లేదు. అక్కడ నేల ఎంత మందం పెరిగినా ఇక్కడ గీత కదలదు, హెచ్చరికా రాదు.

మొదటి పెద్ద వానకే పై అంతస్తు గోడలు చెమ్మగిల్లాయి. పిట్టగోడ పొడవునా టైళ్లు పగలగొట్టి, పొరను మళ్లీ మడవాల్సి వచ్చింది. ఆ మరమ్మతు డ్రాయింగులు గీయడానికి నన్ను పిలిచారు. నింద అంతా వ్యూ తెచ్చిన కుర్రాడి మీద వేశారు. నాకు ఇప్పటికీ కోపమే. ఆ 250 ఏ మందాన్ని నమ్ముకుని వేసిందో పాత డ్రాయింగులో ఒక్క ముక్క రాసి లేదు. సంతకాలు పెట్టిన పెద్దల్లో ఒక్కరూ దాన్ని కొత్త సెక్షన్ పక్కన పెట్టి చూడలేదు. అలాంటి నింద నీ మీద పడకూడదమ్మా.

కాబట్టి లైబ్రరీలో చేరే ప్రతి డిటైల్ పక్కనా ఒక గడి గీసి రాయి: ఏ పరిస్థితికి గీశారు, ఏ మందాలు అనుకున్నారు, వాడే ముందు ఏవి సరిచూడాలి. షీట్ మీద పెట్టేముందు ఆ గడి తీసేయమని అందరికీ చెప్పు. కొలతలు స్లాబు నుంచి కాకుండా పూర్తయిన నేల మట్టం నుంచి వేయి.

పేర్ల విషయంలో బద్ధకించకు. ఒకే పేరున్న టైపు రెండు ప్రాజెక్టుల్లోనూ ఉండి వివరాలు వేరైతే, రెవిట్ హెచ్చరిక చూపి, నువ్వు అతికిస్తున్న ప్రాజెక్టులోని టైపునే వాడుతుంది. నువ్వు ఇన్సులేషన్ అని గీసిన హ్యాచ్ (పదార్థాన్ని సూచించే గీతల నింపుడు) అక్కడ ఇంకో రూపంలో కనిపించవచ్చు. కీనోట్లదీ (నంబరు వేసి పదార్థం పేరు చెప్పే రాతలదీ) అదే తంతు: వాక్యం ఆ ప్రాజెక్టు కీనోట్ ఫైలు నుంచి వస్తుంది కాబట్టి, అదే నంబరు వేరే పదార్థం పేరు చదివించగలదు. ఆ హెచ్చరిక పెట్టె కనిపించినప్పుడు మూసేయకు, అందులోని పేర్లు కాగితం మీద రాసుకో. స్కేలు మార్చినా ఒకసారి చూడు. అక్షరాలు కాగితం కొలతలోనే ఉంటాయి కనుక 1:5 డిటైల్‌ను 1:20 చేస్తే రాతలన్నీ గీతల మీద పడతాయి.

నెలాఖరు గడువు మార్చమని మీ పెద్దవాళ్లను అడుగు. మొహమాటపడకు, నీళ్లు తగిలే డిటైళ్లు ముందు ఇస్తాను, తక్కినవి తర్వాత ఇస్తానని చెప్పు. పిట్టగోడ, కిటికీ కింది అంచు, స్నానాల గది గడప, ఈ మూడింటితో మొదలుపెట్టు. అవి ప్రింటు తీసి, పక్కన సెక్షన్ కూడా పెట్టి నాకు పంపించు. ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను. ఏ కొలత ఎందుకు కొట్టేశానో అర్థం కాకపోతే రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ