మొక్కల ట్యాంకు అడుగున ఏం వేయాలి? ముందు మీ కుళాయి నీళ్ల సంగతి చూడండి

చెన్నై వేలచేరిలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం, 2 అడుగుల చేపల ట్యాంకు కొన్నాం, అందులో నీటి మొక్కలు పెంచాలని ఉంది, అడుగున ఏం వేయాలి అని మీరు రాశారు. ఆక్వా సాయిల్ (నీటి మొక్కల కోసం అమ్మే మట్టి గుళికలు) లేకపోతే మొక్కలే బతకవని ఒక షాపాయన, రంగు రాళ్లు చాలని ఇంకొకాయన చెప్పారట. వాళ్లిద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండి. మీ కుళాయిలో వచ్చేవి ఏ నీళ్లో మీరు రాయలేదు. అడుగున ఏం వేయాలన్నది సగం అక్కడే తేలిపోతుంది.

నేనుండేది పెరంబూరులో. కొళత్తూరు చేపల షాపులు బండి మీద వెళ్తే దగ్గరే. నా కొంప ముంచింది కూడా ఆ దగ్గరే. తోచనప్పుడల్లా వెళ్లి ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాణ్ని.

మొదటి ట్యాంకులో మల్లెపూల్లా ఉన్నాయని తెల్ల రాళ్లు పోశాను. రెండు నెలలకి కొత్త ఆకులు పాలిపోయి పసుపు తిరిగాయి. ఎరువు తక్కువైందేమోనని ఇంకాస్త వేశాను. ఆకులకి ఏమీ కాలేదు గానీ అద్దం నిండా పాచి పట్టింది. ఒకరోజు వంటింట్లో అత్తయ్య ఉప్మాలోకి కోసి పెట్టిన నిమ్మచెక్క తీసుకుని, తుడిచిన రాయి ఒకటి గట్టు మీద పెట్టి దాని మీద పిండాను. రసం పడ్డ చోట సన్నటి నురగ లేచింది. చెవి ఆనిస్తే చిటపటమని వినిపించింది. "రాళ్లకి నిమ్మకాయ పిండుతున్నావేంటి నాయనా" అని అత్తయ్య భయంగా చూశారు.

అవి పాలరాయి ముక్కలు, అంటే కాల్షియం కార్బొనేట్. కొంచెం కొంచెంగా కరుగుతూ నీటి గట్టిదనాన్నీ (నీళ్లలో కరిగిన సున్నపు పాలు), పీహెచ్‌నీ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) పెంచుతాయి. పీహెచ్ పెరిగితే నీళ్లలో ఇనుము ఉన్నా మొక్కకి అందదు. మీరు ఏ రాయి కొన్నా ముందు వెనిగర్‌తో ఇలా చూడండి. ఇసుకైతే ముందు మామూలు నీళ్లతో తడిపి, వంపేసి, ఆ తర్వాత వెనిగర్ పోయాలి. పొడి ఇసుకలో ఇరుక్కున్న గాలి కూడా బుడగలుగా పైకొస్తుంది, అది చూసి మోసపోతాం. మెరీనా ఇసుక ఊరికే దొరుకుతుంది కదా అని మాత్రం తేవొద్దు. అందులో ఉప్పుతో పాటు గవ్వల పొడి కూడా ఉంటుంది.

రెండోసారి డబ్బు పెట్టాను, ఆక్వా సాయిల్ కొన్నాను. అది చెడ్డ సరుకు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. మట్టిని కాల్చి చేసిన చిన్న గుళికలు. వాటిలో ఎరువు ఉంటుంది, పైగా నీళ్లలోని గట్టిదనాన్ని లాక్కుని పీహెచ్‌ని 6.5 దరిదాపులకి దించుతాయి. అయితే ఆ లాక్కునే శక్తికి ఒక హద్దుంది. మా సంపులో బోరు నీళ్లూ లారీ నీళ్లూ కలిసిపోతాయి, నా మీటరులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 1,100 చూపించింది. వారం వారం పావు వంతు అలాంటి నీళ్లు మారుస్తుంటే గుళికలు ఎంతకని లాగుతాయి? నాలుగు నెలలకే పీహెచ్ మళ్లీ 8 దగ్గరికి చేరింది. పీహెచ్ కోసం పెట్టిన డబ్బంతా నీళ్లపాలే. ఎరువు మాత్రం ఏడాది పైన పనిచేసింది.

ఇంతకంటే బాధపెట్టింది ఇంకోటుంది. కొత్త సాయిల్ మొదటి వారాల్లో నీళ్లలోకి అమ్మోనియా వదులుతుంది. షాపులో "నాలుగో రోజు చేపలు వేసుకోండి, ఏం కాదు" అన్నారు. వేశాను. తొమ్మిది నియాన్ టెట్రాల్లో తెల్లారేసరికి రెండు మిగిలాయి. పీహెచ్, వేడి ఎక్కువగా ఉన్న నీళ్లలో అమ్మోనియా ఇంకా విషం. మన చెన్నై నీళ్లకి రెండూ ఎక్కువే. సాయిల్ వేస్తే మూడు నాలుగు వారాలు మొక్కలతోనే నడపండి, నీళ్లు తరచూ మార్చండి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా వచ్చాకే చేపల మాట ఎత్తండి. ఇంకోటి, సాయిల్‌ని కడగకూడదు, నలిగి బురదవుతుంది.

మూడో ట్యాంకు ఇప్పటికీ హాల్లో ఉంది. మాది నెల్లూరు. మా బావమరిది ఇల్లు కట్టాక మిగిలిన పెన్న ఇసుక ఒక బస్తా కారులో వేసుకొచ్చాను. నెల్లూరు వెళ్తే ఎవరైనా మొలగొలుకులు తెచ్చుకుంటారు, ఈయన ఇసుక తెచ్చుకున్నాడని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్తుంది. జల్లెడ పట్టి, 1 నుంచి 3 మిల్లీమీటర్ల గింజ ఉంచుకుని, బియ్యంలో రాళ్లు గాలించినట్టు బకెట్‌లో కొంచెం కొంచెంగా గాలించాను. పైన నీళ్లు తేటపడేదాకా పన్నెండు పదమూడుసార్లు పట్టింది. దాని కింద అంగుళం మందాన జల్లించిన ఎర్రమట్టి వేశాను. నర్సరీలో అమ్మే ఎర్రమట్టిలో పేడ ఎరువు కలిపి ఉంటుంది, అది వద్దు. ఉత్త మట్టి అడిగి తీసుకోండి. దాన్ని కూడా నాలుగు రోజులు నానబెట్టి పైకి తేలిన చెత్త వంపేశాను.

మొక్కలు బ్రహ్మాండంగా వచ్చాయి. అమెజాన్ స్వోర్డ్ అనే మొక్క ట్యాంకు దాటి బయటికి తొంగిచూసింది. కానీ ఒక మే నెలలో మా అబ్బాయి ఆ స్వోర్డ్‌ని ముచ్చటగా ఒక్క లాగు లాగాడు. వేళ్లతో పాటు కింది మట్టంతా పైకొచ్చి ట్యాంకు చాయ్ రంగుకి తిరిగింది, కుళ్లిన గుడ్డు వాసన. ఎండాకాలం మా ఇంట్లో నీళ్లు 32 డిగ్రీలకి పోతాయి. ఆ వేడికి అడుగు త్వరగా కుళ్లుతుంది, నీళ్లలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. మొక్కల్ని ఊరికే పీకి చోటు మార్చే అలవాటుంటే మట్టి జోలికి పోకండి.

అందుకే మొదటి ట్యాంకుకి నేనైతే ఉత్త ఇసుక గానీ సన్న గులకరాళ్లు గానీ చాలంటాను. వేళ్ల దగ్గర రూట్ ట్యాబ్‌లు, అంటే ఎరువు బిళ్లలు, జానెడు దూరానికొకటి, లోతుగా గుచ్చండి. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ. ముందు 4 సెంటీమీటర్లు, వెనక 8 వచ్చేలా వాలుగా పోయండి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, సగటున 6 ఎత్తు అంటే దాదాపు 11 లీటర్లు, తూకంలో 16, 17 కిలోలు. స్టాండు గట్టిదేనా అని ఒకసారి ఊపి చూడండి, నీళ్ల బరువు వేరే ఉంది. ఎమ్-శాండ్ (రాయి దంచి చేసే ఇసుక) అంచులు పదునుగా ఉంటాయి. కోరిడోరాస్ లాంటి అడుగున తవ్వుకునే చేపలకి మీసాలు దెబ్బతింటాయి, వాటికి నున్నటి ఇసుకే కావాలి.

ఆక్వా సాయిల్ ఎవరికంటే, ఆర్‌ఓ నీళ్లు కలిపి వాడేవాళ్లకి, సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ వాయువు) పెట్టి ముందంతా పచ్చగడ్డిలా పరచాలనుకునేవాళ్లకి. ఆర్‌ఓ నీళ్లంటే ఆ ఫిల్టర్‌లోంచి తాగడానికి వచ్చేవి. పక్క గొట్టంలోంచి వృథాగా పోయేవి ఇంకా గట్టి నీళ్లు, అవి పోసి నన్ను తిట్టకండి.

అనూబియాస్, జావా ఫెర్న్ కొంటే ఈ చర్చంతా మీకు అక్కర్లేదు. వాటి దుంపని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది, దారంతో రాయికో చెక్కకో కట్టాలి. క్రిప్టోకొరైన్ నాటిన వారానికే ఆకులు కరిగిపోతే చచ్చిందని పీకెయ్యకండి. వేళ్లు బతికే ఉంటాయి, నెలలో చిగుళ్లొస్తాయి.

నీళ్లు నింపేటప్పుడు ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి దాని మీదే పోయండి. మీ టీడీఎస్ ఎంతో, ఏ మొక్కలు అనుకుంటున్నారో రాయండి, రూట్ ట్యాబ్‌లు ఎన్ని కావాలో చెప్తాను.