హ్యారీ పాటర్ అయిపోయింది, తర్వాత ఏం ఇవ్వాలి?

మీ పాపకి 12 ఏళ్లు, హ్యారీ పాటర్ ఏడు భాగాలూ వేసవి సెలవుల్లోనే ఊదిపారేసింది, ఇప్పుడు ఫ్రెండ్స్ చదువుతున్నారని హంగర్ గేమ్స్ అడుగుతోంది, ఇవ్వచ్చా అని కదా మీ ప్రశ్న. మేమూ చెన్నైలోనే, వేళచ్చేరిలో ఉంటాం. మా ఇంట్లో ఈ పంచాయితీ మొన్నమొన్నటిదాకా నడిచింది.

అట్ట మీద వేసే వయసుని నేను పెద్దగా పట్టించుకోను. సిరీస్ అయితే మొదటి భాగం కాదు, చివరి భాగం తిరగేసి చూస్తాను. హ్యారీ పాటర్ మొదటిది వచ్చింది 1997లో, ఏడోది 2007లో. పదకొండేళ్లకి మొదలుపెట్టిన అప్పటి పిల్లలకి చివరిది చేతికొచ్చేసరికి ఇరవై దాటాయి. వాళ్లతో పాటే కథా ముదిరింది. మన పిల్లలకి ఏడూ ఒకే పెట్టెలో దొరుకుతాయి, ఆగి చదవమంటే ఆగుతారా!

హంగర్ గేమ్స్‌దీ ఇదే తంతు. 24 మంది పిల్లల్ని బరిలోకి దింపి, ఒక్కరే మిగిలేదాకా చంపుకోమంటారు. వినడానికి ఘోరంగా ఉన్నా, మొదటి భాగం పదమూడేళ్లకి ఫర్వాలేదనే నా అభిప్రాయం. అసలు బరువంతా మూడో భాగంలో ఉంది: యుద్ధం, అయినవాళ్ల చావులు, కథానాయిక మనసు చితికిపోవడం. మొదటిది ఇచ్చి మూడోది దాచేస్తే ఏ పిల్లా ఊరుకోదు. మొత్తంగానే ఓ ఏడాది ఆగండి.

పల్చగా ఉంది కదా అని ‘ది గివర్’ ఇచ్చేసి మీ పనిలో మీరు పడకండి. లోయిస్ లోరీ 1993లో రాసిన నవల అది. రక్తం, కత్తులు ఏమీ ఉండవు. బాధ, ఆకలి లేని ఒక చక్కటి ఊరు. ఆ చక్కదనం వెనక ఏముందో అక్కడ పెరిగే కుర్రాడికి తెలిసే ఘట్టంలో మా అమ్మాయి పుస్తకం డైనింగ్ టేబుల్ మీద బోర్లించి, వంటింట్లోకి వచ్చి, “ఆ కుర్రాడి నాన్నకి తను చేసేది తప్పని తెలుసా, తెలీదా?” అని అడిగింది. ఆ రోజు సాంబారు మాడింది కానీ మాటలు మాత్రం బాగా సాగాయి. ఇస్తే మీరు ముందు చదివి ఇవ్వండి.

ఇప్పటికిప్పుడు అయితే నా ఓటు ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’కి. అర్సులా లె గ్విన్, 1968. మంత్రాల బడి ఇందులోనూ ఉంది కాబట్టి పాపకి కొత్త అనిపించదు. గర్వంతో ఒక కుర్రాడు చేయకూడని మంత్రం వేస్తాడు, ఏదో నీడ లేచి వెంటపడుతుంది. శత్రువు బయట ఎక్కడో కోటలో లేకపోవడం ఈ వయసు పిల్లలకి గట్టిగా తగులుతుంది. కథ ఒక్క పుస్తకంలో ముగుస్తుంది కూడా. మొదటి పేజీలు మెల్లగా నడుస్తాయి, అక్కడ మీరు కాస్త తోయాలి.

నవ్వులు, పరుగులు కావాలంటే గ్రీకు దేవతల కథలతో అల్లిన పెర్సీ జాక్సన్ సిరీస్. మహాభారతం తెలిసిన పిల్లయితే అదే పద్ధతిలో మన పురాణాలతో రోషనీ చోక్షి రాసిన ‘ఆరూ షా’ ఇంకా నచ్చుతుంది, పాండవుల పేర్లు వినగానే ఎగిరి గంతేస్తారు. సైన్స్ వైపు మొగ్గితే 1962 నాటి ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’.

కొనేముందు కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయానికి తీసుకెళ్లండి. పిల్లల విభాగం ఉంది. ఏదైనా పుస్తకం మధ్యలో తెరిచి నాలుగు పేజీలు చదవనివ్వండి, మొదటి అధ్యాయం ఎలాగూ అందరూ బాగానే రాస్తారు. బాక్స్ సెట్ జోలికి మాత్రం పోకండి, మొదటిదే నచ్చకపోతే మిగతావి బీరువాలో పడుంటాయి.

ఇంకోటి. పాపకి తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చినా, దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ సంపాదించి రాత్రిళ్లు మీరే చదివి వినిపించండి. మన వడపళని నుంచి వచ్చిన చందమామ సీరియల్సే అవి. ప్రతి భాగం సరిగ్గా ఉత్కంఠలో ఆగుతుంది, లైటు తీసేయడానికి మీరే బతిమాలుకోవాల్సి వస్తుంది.