యుద్ధబాధిత మహిళల కోసం పనిచేయాలంటే ముందు చేతిలో ఏ వృత్తి ఉండాలి?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. యుద్ధాల్లో లైంగిక హింసకు గురైన మహిళల కోసం పనిచేస్తానని, ఐక్యరాజ్య సమితిలోనే చేరతానని పట్టుబడుతోంది. ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా? ఏ పీజీ చేయించాలి? యుద్ధం జరిగేచోటికి పంపేస్తారా? - ఓ తల్లి

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను. పేరున్న సంస్థలేవీ అనుభవం లేనివారిని కల్లోల ప్రాంతాలకు పంపవు. పంపుతామని ఎవరైనా అంటే ఆ సంస్థనే అనుమానించండి. ఐరాస తరఫున వెళ్లేవారు బయల్దేరే ముందే బీసేఫ్ అనే ఆన్‌లైన్ భద్రతా కోర్సు పూర్తిచేయాలి. ప్రమాదం ఎక్కువున్న చోట్ల దీనికి తోడు ప్రత్యక్ష శిక్షణ కూడా ఉంటుంది.

‘ఐరాసలో చేరడం’ అన్నదాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం దగ్గరే మీ అమ్మాయికి చిక్కు వస్తుంది. యుద్ధతంత్రంగా సాగే లైంగిక హింసపై భద్రతామండలి 2008 జూన్ 19న 1820వ తీర్మానం చేసింది. మరుసటి ఏడాది 1888వ తీర్మానంతో దీనికోసం సెక్రటరీ జనరల్ ప్రత్యేక ప్రతినిధి కార్యాలయం, శాంతిపరిరక్షక బృందాల్లో మహిళా రక్షణ సలహాదారుల పోస్టులు వచ్చాయి. ఈ పోస్టులు చాలా తక్కువ. ఏళ్ల అనుభవం ఉన్నవారికే దక్కుతాయి. పైగా అవి ఆయా బృందాలతో ముడిపడినవి: మాలిలోని ఐరాస బృందం 2023 చివరికి మూతపడింది, కాంగోలోని బృందం ఆ దేశపు దక్షిణ కివు రాష్ట్రం నుంచి 2024 జూన్‌లో వైదొలగింది. 2025లో అమెరికా విదేశీ సహాయాన్ని భారీగా కోసేశాక స్వచ్ఛంద సంస్థల్లోనూ ఉద్యోగాలు తగ్గాయి. కాబట్టి ఉద్యోగాలు ఉన్నాయి, స్థిరత్వం లేదు. ఎక్కడైనా పనికొచ్చే వృత్తి ఒకటి ముందు చేతిలో ఉండాలి అనడానికి కారణం ఇదే.

సైకాలజీ చదివినవారికి సహజమైన దారి కేస్ వర్క్, అంటే ఒక్కో బాధితురాలి వెంట ఉండి ఆమెకు కావాల్సిన సాయం అందేలా చూసే పని. క్లినికల్ సైకాలజీ గానీ, సామాజిక సేవలో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ గానీ చేయించండి. అంతర్జాతీయ సంబంధాల్లోనో, జెండర్ స్టడీస్‌లోనో పీజీ మాత్రమే ఉన్నవారికి మొదటి ఉద్యోగం దొరకడం కష్టం, ఎందుకంటే బాధితుల శిబిరంలో వారు చేయగల పని ఫలానా అని చెప్పలేం. పీజీ తర్వాత రెండు మూడేళ్లు గృహహింస, అత్యాచార బాధితులతో పనిచేసే సంస్థలో నేరుగా కేసులు చూడాలి. ఆ అనుభవమే తర్వాత అంతర్జాతీయ దరఖాస్తుల్లో పనికొస్తుంది.

కేస్ వర్కర్ మందులివ్వరు. కానీ ఏ మందుకు ఎంత గడువో ఆమెకు తెలిసి ఉండాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు దాడి జరిగిన 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్రలు 120 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మంచిది. హెపటైటిస్ బి టీకా 14 రోజుల్లోపు. బాధితురాలు నాలుగో రోజున వస్తే హెచ్‌ఐవీ మందుల గడువు దాటిపోయినట్టే. కానీ గర్భనిరోధక మాత్రలకు ఇంకా సమయం ఉంటుంది. ‘ఆలస్యమైంది’ అని ఆమెను వెనక్కి పంపేయడం శిక్షణ లేనివారు తరచూ చేసే తప్పు. పోలీసు ఫిర్యాదు ఉంటేనే వైద్యం అనడం ఇంకో తప్పు. వైద్యానికి, ఫిర్యాదుకు ముడిపెట్టకూడదు.

అన్నిటికంటే ఎక్కువ హాని జరిగేది మాత్రం సదుద్దేశంతోనే, కథలు సేకరించే ఉత్సాహంలో. ఇరాక్‌లో ఐసిస్ చెర నుంచి బయటపడిన యజిదీ అనే మైనారిటీ మతవర్గం మహిళలను విలేకరులు, స్వచ్ఛంద సంస్థలు, దర్యాప్తు బృందాలు ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నించారు. ఆ గాయాన్ని మళ్లీమళ్లీ రేపడం ఒక నష్టం. రెండోది కోర్టులో తెలుస్తుంది: ఒకే మహిళ ఇచ్చిన నాలుగు వాంగ్మూలాల్లో తేదీ, సమయం కొద్దిగా తేడా వచ్చినా డిఫెన్స్ లాయర్ పట్టుకునేది దాన్నే. అందుకే 2014లో వెలువడి 2017లో సవరించిన అంతర్జాతీయ ప్రొటోకాల్ (యుద్ధాల్లో లైంగిక హింస వివరాలను ఎలా నమోదు చేయాలో చెప్పే మార్గదర్శకం), 2022లో వచ్చిన మురాద్ కోడ్ (బాధితుల నుంచి వివరాలు తీసుకునేవారి ప్రవర్తనా నియమావళి) రెండూ వివరాలు అడిగేముందు ఆగి ఆలోచించమంటాయి. ఈ వివరం నిజంగా నాకు అవసరమా? ఇదివరకే ఎవరైనా తీసుకున్నారా? ఆమెకు అవసరమైన సాయం నేను అందించగలనా? మురాద్ కోడ్‌ను మీ అమ్మాయి ఈ సెలవుల్లోనే చదివేయొచ్చు.

రోజువారీ పని ఎలా ఉంటుందో ఒక చిన్న వివరంతో చెబుతాను. కేస్ ఫైలు మీద పేరు ఉండదు, కోడ్ నంబరు మాత్రమే. ఆమె సంతకమో, వేలిముద్రో ఉన్న సమ్మతి పత్రాన్ని అదే ఫైల్లో పెట్టరు, వేరే బీరువాలో తాళం వేస్తారు. ఊరు ఖాళీ చేయాల్సి వస్తే ఆ కాగితాలను ఎవరు తీసుకెళ్లాలో, వీలుకాకపోతే ఎవరు ధ్వంసం చేయాలో ముందే రాసి ఉంటుంది. సమ్మతి కూడా ఒకే సంతకంతో అయిపోదు. వైద్యురాలికి చెప్పడానికి ఒప్పుకున్న మహిళ లాయరుకు చెప్పడానికి ఒప్పుకున్నట్టు కాదు, దేనికది విడిగా అడగాలి. దుబాసీగా బంధువుని, ఇరుగుపొరుగు వారిని పెట్టరు. ఇవన్నీ విసుగు పుట్టించే పనుల్లాగే ఉంటాయి. ఈ ఓపిక ఉందో లేదో మీ అమ్మాయి ఇప్పుడే తేల్చుకోవాలి.

కోర్టుల వైపు మనసుంటే న్యాయవిద్య దారి వేరు. రువాండా జాతినిర్మూలనపై ఐరాస ఏర్పాటు చేసిన ట్రిబ్యునల్‌లో అకయేసు అనే స్థానిక మేయర్‌పై కేసు మొదలైనప్పుడు అభియోగ పత్రంలో లైంగిక హింస ఊసే లేదు. సాక్షులు కోర్టులో నోరు విప్పాక 1997లో దాన్ని సవరించారు. అత్యాచారం జాతినిర్మూలనలో భాగం కాగలదని 1998 సెప్టెంబరు 2న తొలిసారి తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలోని ఏకైక మహిళా న్యాయమూర్తి నవనీతం పిళ్లై. ఇక కాంగో సాయుధ దళ నాయకుడు బెంబా కేసు చూడండి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో దోషి అన్న ఈ కమాండర్‌ను 2018లో అప్పీలు ధర్మాసనం విడిచిపెట్టింది. తన సైనికులను అదుపు చేసేందుకు చేయగలిగింది ఆయన చేయలేదన్నది రుజువు కాలేదన్నారు. ఈ కేసుల్లో ఎక్కువగా కొరవడేది బాధితుల వాంగ్మూలాలు కావు, నేరాన్ని పైనున్న కమాండర్‌తో కలిపే సాక్ష్యం: ఎవరి ఆజ్ఞ ఎవరికి వెళ్లింది, ఏ దళం ఏ రోజు ఎక్కడుంది, తెలిశాక పైవాడు ఏం చేశాడు. అందుకే సైనిక వ్యవస్థ తెలిసిన విశ్లేషకులు, ఉపగ్రహ చిత్రాలు, ఫోన్ రికార్డులు చదవగలిగేవారు కూడా ఈ రంగానికి కావాలి. వీరిని తక్కువ మందే గుర్తుంచుకుంటారు.

భాష విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను: ఇంగ్లిష్ ఒక్కటే చాలదు. కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లకు ఫ్రెంచ్, సూడాన్, ఇరాక్‌లకు అరబిక్ కావాలి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పనిచేసేదే ఇంగ్లిష్, ఫ్రెంచ్ భాషల్లో. ఫ్రెంచ్, అరబిక్‌లలో ఒకటి ఇప్పుడే మొదలుపెట్టించండి.

ప్రవేశ ద్వారాల్లో వాస్తవంగా అందేది ఐరాస వాలంటీర్ పథకం. 18 నుంచి 26 ఏళ్లవారికి యువ విభాగం, 27 దాటి మూడేళ్ల అనుభవం ఉంటే స్పెషలిస్ట్ విభాగం. జీవనభృతి ఇస్తారు. ఐరాస సచివాలయం ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు, ప్రయాణం, వసతి ఖర్చు మీదే. కొన్ని అనుబంధ సంస్థలు స్టైపెండ్ ఇస్తాయి. ఐరాస సచివాలయంలో ప్రారంభస్థాయి ఉద్యోగాలకు పెట్టే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు 32 ఏళ్లు మించకూడదు, పైగా ఆ ఏడాది జాబితాలో మీ దేశం ఉండాలి. జేపీఓ (జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్) పోస్టులకు సాధారణంగా నిధులిచ్చే దేశాల పౌరులనే తీసుకుంటారు, కాబట్టి వాటిపై ఆశ పెట్టుకోవద్దు. ఐరాస ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. ఎవరైనా అడిగితే అది మోసమే.

చివరగా, ఏ సంస్థ ఇంటర్వ్యూకి వెళ్లినా మీ అమ్మాయి అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. ఒక్కొక్కరికి ఒకేసారి ఎన్ని కేసులిస్తారు? నా పనిని ఎవరు, ఎన్నాళ్లకోసారి కూర్చుని సమీక్షిస్తారు? రోజూ ఇలాంటి విషయాలు వినే ఉద్యోగికి నిద్ర పట్టకపోతే, మనసు మొద్దుబారిపోతే సంస్థ ఏం చేస్తుంది? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని చోట, జీతం ఎంత బాగున్నా చేరనివ్వకండి.